'డిడ్' పక్కన 'వెంట్' ఎందుకు రాదు? 'డూ' అనే చిన్న మాట వెనక ఉన్న కథ

అడిగిన ప్రశ్న ఇది: "'వాడు వెళ్ళాడు' అంటే 'హి వెంట్'. మరి 'వాడు వెళ్ళలేదు' అనడానికి 'హి వెంట్ నాట్' అంటే సరిపోయేది కదా, మధ్యలో ఈ 'డిడ్' ఎక్కడి నుంచి వచ్చింది? దానర్థం 'చేశాడు' అయితే ఈ వాక్యంలో ఎవరు ఏం చేసినట్టు? పైగా అది రాగానే 'వెంట్' కాస్తా 'గో' ఎందుకు అయిపోతుంది?"

చాలా మంచి ప్రశ్న. 26 ఏళ్లుగా ఇంటర్, డిగ్రీ పిల్లలకి ఇంగ్లీషు చెబుతున్నాను. ఈ సందేహం మనసులో లేని పిల్లలు నాకు తగల్లేదు, కానీ పైకి అడిగేవాళ్ళు చాలా తక్కువ. గ్రామర్ పుస్తకంలో 'డిడ్ తర్వాత వి-వన్ (అంటే 'గో', 'కమ్' లాంటి క్రియ మొదటి రూపం) రావాలి' అని ఒక రూల్ ఉంటుంది, దాన్ని బట్టీ పట్టేస్తారు, పరీక్షలో సరిగ్గానే రాస్తారు, తీరా ఇంటర్వ్యూలో కూర్చోగానే ఆ టెన్షన్‌లో 'ఐ డిడ్ నాట్ వెంట్' అని నోరు జారుతుంది. తెలివి తక్కువై కాదు. కారణం తెలియకుండా పట్టిన రూల్ కంగారులో గుర్తుకు రాదు, అంతే.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. ఆ వాక్యంలో 'డిడ్'కి 'చేశాడు' అనే అర్థం లేదు. అసలు ఏ అర్థమూ లేదు. అది ఒక మోత మనిషి. జరిగిపోయిన కాలం అనే బరువుని 'వెంట్' నెత్తి మీద నుంచి దించి 'డిడ్' ఎత్తుకుంటుంది. బరువు దిగిపోయాక మిగిలేది ఉత్త 'గో'. ఒకే బరువు ఇద్దరి నెత్తి మీదా ఉండదు కదా, అందుకే 'డిడ్ వెంట్' కుదరదు. 'డజ్' వచ్చినప్పుడు కూడా ఇదే సంగతి. 'హి గోస్'లో ఉన్న 'స్' అక్కడి నుంచి లేచి 'డజ్'లోకి వెళ్ళిపోతుంది, 'హి డజ్ నాట్ గో' అవుతుంది. (దాన్ని 'డస్' అని పలకకండి, చివర 'జ్' వినిపించాలి. 'డస్ట్' మాటలో ఉండే శబ్దం కాదది.)

ఇది ఇంగ్లీషువాళ్ళకే ఉన్న వింత అలవాటు అనుకుంటాం. కానీ ఇదే పని మనం పుట్టినప్పటి నుంచీ తెలుగులో చేస్తున్నాం. నాకు ఈ సంగతి పుస్తకంలో కాదు, క్లాసులో తట్టింది.

తెలుగు మీడియం నుంచి వచ్చిన ఒక అమ్మాయి బోర్డు మీద 'హి డిడ్ నాట్ కేమ్' అని రాసింది. నేను కొట్టేయలేదు. దాని కిందే 'వాడు రాలేదు' అని తెలుగులో రాయించి, 'రా'కీ 'లేదు'కీ మధ్య సుద్దముక్కతో నిలువుగా గీత గీయమన్నాను. "ఇందులో కాలం సంగతి చెప్పే ముక్క ఏదమ్మా?" అంటే కాసేపు చూసి 'లేదు' మీద వేలు పెట్టింది. "మరి 'రా'లో ఏముంది?" "ఏమీ లేదు టీచర్, ఉత్త రావడమే ఉంది." సరే, 'వాడు వచ్చాడు లేదు' అని ఎవరైనా అంటారా అని అడిగాను. క్లాసంతా ఒక్కసారి నవ్వింది. ఆ అమ్మాయి మాత్రం నవ్వకుండా వెనక్కి తిరిగి, 'కేమ్'ని అరచేత్తో తుడిచి 'కమ్' అని రాసింది. నేను చెప్పాల్సింది ఇంకేమీ మిగల్లేదు.

ఒకసారి నిదానంగా చూడండి. వచ్చాను, వచ్చావు, వచ్చాడు, వచ్చింది, వచ్చారు, ఇన్ని రూపాలున్నాయి. కాదని చెప్పాల్సి వచ్చేసరికి అన్నీ ఎగిరిపోయి 'రాలేదు' ఒక్కటే మిగులుతుంది. నేను రాలేదు, వాడు రాలేదు, వాళ్ళు రాలేదు. ఇంగ్లీషులో కూడా అంతే, 'ఐ డిడ్ నాట్ కమ్', 'హి డిడ్ నాట్ కమ్', 'దే డిడ్ నాట్ కమ్'. ఇంకో ముచ్చట ఏమిటంటే, 'వచ్చాడు'కీ 'రాలేదు'కీ మధ్య అసలు పోలికే లేదు, ఒకటి 'వచ్చు' అనే ధాతువు, ఇంకోటి 'రా'. 'వెంట్', 'గో' కూడా ఇలాంటి జంటే. 'వెంట్' నిజానికి 'గో' పిల్ల కాదు, 'వెండ్' అనే వేరే క్రియకి భూతకాలం ('సెండ్'కి 'సెంట్' ఉన్నట్టు). 'గో'కి పాతకాలంలో ఉన్న భూతకాల రూపం వాడుకలో నుంచి జారిపోయి, ఆ ఖాళీలోకి పక్కింటి 'వెంట్' వచ్చి కూర్చుంది. 'డిడ్' రాగానే అసలు ఇంటివాడు 'గో' మళ్ళీ బయటికి వస్తాడు. మీ మూడో ప్రశ్నకి జవాబు ఇదే.

ఇక 'ఎక్కడి నుంచి వచ్చింది' అన్నారు చూశారా, అసలు కథ అక్కడుంది. కొంచెం ఓపిగ్గా చదవండి.

వెయ్యేళ్ల కిందటి పాత ఇంగ్లీషులో ఈ క్రియ 'డోన్'. ఇంకా వెనక్కి, సంస్కృతానికీ లాటిన్‌కీ ఇంగ్లీషుకీ తల్లి అయిన ఇండో-యూరోపియన్ మూలభాష దాకా వెళితే దాని అర్థం 'చేయడం' కాదు, 'పెట్టడం, ఉంచడం'. సంస్కృతంలో 'ధా' ధాతువు ఉంది కదా, అది దీని తోబుట్టువు. సంస్కృతంలో 'ధ' ఉన్నచోట ఇంగ్లీషులో చాలాసార్లు 'డ' కనిపిస్తుంది, 'మధు' అక్కడ తేనెతో చేసే పానీయం 'మీడ్', 'విధవ' అక్కడ 'విడో'. అలాగే 'ధా' అక్కడ 'డూ'. మనం సంస్కృతం నుంచి తెచ్చుకుని రోజూ వాడే మాటలు ఎన్ని ఈ 'ధా' మీద నిలబడ్డాయో లెక్కపెట్టండి: విధి, నిధి, విధానం, సంధి, ప్రధానం. శ్రద్ధలో కూడా ఉంది, 'శ్రత్' అంటే గుండె, గుండెను పెట్టడం శ్రద్ధ, దీని లాటిన్ తోబుట్టువు నుంచే ఇంగ్లీషు 'క్రెడిట్' వచ్చింది. 'హితం' కూడా 'ధా' నుంచి వచ్చినదే, ముందు ఉంచబడినవాడు పురోహితుడు. చివరికి మీరు నన్ను అడిగిన 'సమాధానం'లో కూడా అదే ధాతువు. 'డూ' మనకి పరాయి మాట అని ఇక అనుకోకండి.

'డిడ్'లో రెండు 'డ'లు ఎందుకున్నాయో కూడా ఇక్కడే తెలుస్తుంది. సంస్కృతంలో 'దధాతి' అన్నప్పుడు ధాతువు మొదటి అక్షరం రెండుసార్లు వస్తుంది కదా, ఆ పాత అలవాటు 'డిడ్'లో ఇప్పటికీ బతికి ఉంది. మూడక్షరాల మాటలో వేల ఏళ్ల గుర్తు అది, నాకైతే ఎన్నిసార్లు చెప్పినా ఒళ్ళు పులకరిస్తుంది.

'పెట్టడం' అనే అర్థం 'చేయడం'గా ఎలా మారుతుంది అంటారేమో. మన వంటింట్లోకి వెళ్ళి చూడండి. కాఫీ పెట్టనా అంటాం, ఆ మాటకి కాఫీ చేయనా అనే కదా అర్థం. ఆవకాయ పెట్టాం అంటాం, జాడీలో పెట్టడం ఆ పనిలో ఆఖరి అంకం మాత్రమే, ముక్కలు కొట్టడం నుంచి మొత్తం అంతా 'పెట్టడం'లోనే వచ్చేసింది. ఇంకా ముందుకెళ్ళి భయపెట్టు, బాధపెట్టు, మొదలుపెట్టు అన్నప్పుడు పెట్టేదేమీ ఉండదు, 'పెట్టు' ఉత్త ఊతం అయిపోయింది. 'డూ' కూడా సరిగ్గా ఈ దారినే నడిచింది. మొదట పెట్టడం, తర్వాత చేయడం, ఆఖరికి ఏ అర్థమూ లేని ఊతం. పాత అర్థం ఒకటి రెండు చోట్ల ఇంకా కనిపిస్తుంది, బట్టలు వేసుకోవడాన్ని 'డాన్' అంటారు, అది 'డూ ఆన్', అంటే మీద పెట్టుకోవడం. టోపీ తీయడం 'డాఫ్', అది 'డూ ఆఫ్'.

ఇంకో సంగతి. 'వాక్డ్', 'లవ్డ్' అని చివర వచ్చే ఆ 'డ్' కూడా ఒకప్పుడు 'డిడ్' తాలూకు ముక్కేనని చాలామంది భాషావేత్తల అభిప్రాయం. ఇంగ్లీషుకి చుట్టమైన గాథిక్ అనే పాత భాషలో బహువచన రూపాల చివర 'డేదుమ్' లాంటి తోకలు కనిపిస్తాయి, వాళ్ళు చూపించే సాక్ష్యాల్లో అదొకటి. అంటే 'వాక్డ్' అనేది 'వాక్ చేశాడు' లాంటిదన్నమాట. మనం ఇవాళ ఫోన్ చేశాడు, డిలీట్ చేశాడు, బుక్ చేశాడు అని ఏ ఇంగ్లీషు మాటకైనా 'చేశాడు' తగిలించి క్రియ చేసేసుకుంటున్నాం చూడండి, అలాంటి పనే.

సరే, 'నాట్' పక్కకీ, ప్రశ్న ముందుకీ 'డూ' ఎప్పుడు వచ్చింది? మొదట్లో లేదు. మీరు అడిగిన 'హి వెంట్ నాట్' ఒకప్పుడు తప్పు కాదు, అదే అసలైన ఇంగ్లీషు. 'ఐ నో నాట్' అనేవాళ్ళు. 'నువ్వేమంటావు' అనడానికి 'వాట్ సే యూ' అనేవాళ్ళు. 1611లో అచ్చయిన ఇంగ్లీషు బైబిల్లో 'తీర్పు తీర్చకండి' అనే చోట 'జడ్జ్ నాట్' అని ఉంటుంది, 'డూ' లేదు. అంత దూరం ఎందుకు, మన ఎల్‌కేజీ పిల్లలు పాడే 'బా బా బ్లాక్ షీప్'లో ఏముంది? 'హావ్ యూ ఎనీ వూల్'. 'డూ యూ హావ్' కాదు. ఆ పాట 1744 నాటికే అచ్చులో ఉంది. మూడేళ్ల పిల్లకి పాత ఇంగ్లీషు ప్రశ్న నేర్పి, పదేళ్లయ్యాక 'డూ' లేకుండా ప్రశ్న అడిగితే మార్కులు కోసేస్తున్నాం, కారణం మాత్రం చెప్పం.

'డూ' సాయం 13వ శతాబ్దం నుంచి కొంచెం కొంచెంగా కనిపించడం మొదలై, 1400కీ 1700కీ మధ్య ఇంగ్లీషంతా పాకింది. ఆల్వార్ ఎల్లెగార్డ్ అనే స్వీడన్ పండితుడు ఆ కాలపు రచనల్లో వేలకొద్దీ వాక్యాలు లెక్కగట్టి 1953లో ఒక పుస్తకం వేశాడు, ఇప్పటికీ ఈ విషయం మీద ఎవరు మాట్లాడినా ఆ లెక్కల దగ్గర నుంచే మొదలుపెడతారు. ఆయన చూపించింది ఏమిటంటే, 'డూ' ముందుగా ప్రశ్నల్లో, అందులోనూ 'కాదా, లేదా' అని అడిగే ప్రశ్నల్లో గట్టిపడింది, 'వాడు రాలేదు' లాంటి మామూలు వాక్యాల్లోకి నిదానంగా వచ్చింది. అన్నిటికంటే మొండికేసినవి 'నో', 'డౌట్', 'కేర్' లాంటి కొన్ని క్రియలు, అందుకే 'ఐ నో నాట్' అనే మాట మిగతావన్నీ మారిపోయాక కూడా చాలాకాలం వినిపించింది.

అసలు ఎందుకు వచ్చింది అన్నదాని మీద వాదనలు ఉన్నాయి. ఎల్లెగార్డ్ వాదన నాకు బాగా నచ్చుతుంది, ఎందుకంటే తెలుగువాళ్ళకి అది ఇట్టే అర్థమవుతుంది. అప్పట్లో 'డూ'కి 'చేయించు' అనే అర్థం కూడా ఉండేది. రాజు 'డిడ్ బిల్డ్' అంటే కట్టించాడు అని. ఇప్పుడు మన చార్మినార్ సంగతి తీసుకోండి. 1591లో కులీ కుతుబ్ షా చార్మినార్ కట్టించాడు అంటాం, కట్టాడు అని కూడా అంటాం. ఆయన స్వయంగా రాళ్ళు మోయలేదని అందరికీ తెలుసు కాబట్టి రెండు మాటలకీ తేడా పట్టించుకోం. అక్కడా అదే జరిగింది. 'డిడ్ బిల్డ్' అన్నా 'బిల్ట్' అన్నా ఒకటే అనిపించడం మొదలయ్యాక 'డిడ్'లోని 'ఇంచు' కరిగిపోయింది, ఖాళీ డబ్బాలా 'డిడ్' మిగిలింది. ఖాళీ డబ్బా ఇంట్లో ఉంటే ఏదో ఒకటి పోసుకుంటాం కదా. ఇంకొందరు ఇది పక్కనున్న వెల్ష్, కార్నిష్ భాషల ప్రభావం అంటారు, ఆ భాషల్లో 'చేయు' క్రియని ఇలా సాయంగా వాడటం నిజమే, కానీ ఇంగ్లీషులోకి అక్కడి నుంచే వచ్చిందా అన్నది ఇంకా తేలలేదు.

అవసరం కూడా ఒకటి తోడైంది, నా దృష్టిలో ఇదే ముఖ్యం. పాత ఇంగ్లీషులో నామవాచకాలకి విభక్తులు ఉండేవి, ఎవరు కొట్టారో, ఎవరిని కొట్టారో మాట చివర చూస్తే తెలిసేది. మనకి 'ని' ఉన్నట్టు. 'రాముడు రావణుడిని చంపాడా' అనండి, 'రావణుడిని చంపాడా రాముడు' అనండి, ఎవరికీ అనుమానం రాదు. ఇంగ్లీషులో ఆ విభక్తులు రాలిపోయాయి. ఇక మిగిలిన దారి వరుస ఒక్కటే, ముందున్నవాడు కర్త, తర్వాత క్రియ, ఆ తర్వాత కర్మ. అలాంటప్పుడు పాత పద్ధతిలో క్రియని ముందుకు లాగి 'సా జాన్ మేరీ?' అని అడిగితే వరుస చెదిరిపోతుంది, చూసింది ఎవరు, చూడబడింది ఎవరు? 'డిడ్'ని ముందు నిలబెడితే ఆ గొడవ లేదు, 'డిడ్ జాన్ సీ మేరీ?' అన్నప్పుడు వెనక వరుస చెక్కుచెదరలేదు. 'కెన్', 'విల్', 'ఈజ్' లాంటివాటికి ఈ సాయం ఎందుకు అక్కర్లేదో కూడా దీంతో అర్థమవుతుంది, 'కెన్ జాన్ సీ మేరీ' అన్నప్పుడు ముందుకెళ్ళడానికి 'కెన్' అప్పటికే ఉంది, ఇంకో మోత మనిషి ఎందుకు?

ఒకప్పుడు ప్రశ్న కాని, 'నాట్' లేని మామూలు వాక్యాల్లో కూడా 'డూ' విచ్చలవిడిగా వాడారు. 16వ శతాబ్దంలో అది బాగా పెరిగి, తర్వాత తగ్గిపోయింది. ఆ పాత వాసన గంభీరమైన మాటల్లో మిగిలింది. మన రాజ్యాంగ పీఠిక ఇంగ్లీషు పాఠం ఎప్పుడైనా పైకి చదివారా? 'వి, ద పీపుల్ ఆఫ్ ఇండియా' అని మొదలై చివరికి 'డూ హియర్‌బై అడాప్ట్' అని వస్తుంది. ఆ 'డూ' తీసేసినా అర్థం మారదు, కానీ బరువు తగ్గిపోతుంది. మంత్రులు ప్రమాణం చేసేటప్పుడు తెలుగులో '...అను నేను' అని వింటాం కదా, ఇంగ్లీషులో అక్కడ పేరు తర్వాత 'డూ స్వేర్' అని ఉంటుంది. అలాగే 'డూ' రాకుండా నిలిచిపోయిన పాత వరుస కూడా గంభీరంగానే వినిపిస్తుంది, 1961లో కెనెడీ అమెరికా అధ్యక్షుడిగా తన మొదటి ప్రసంగంలో 'డు నాట్ ఆస్క్' అనకుండా 'ఆస్క్ నాట్' అన్నాడు. అదే వాక్యం మామూలు ఇంగ్లీషులో చెప్పి ఉంటే అంతమందికి గుర్తుండేదా అని నాకు అనుమానమే.

ఇప్పుడు మాటల్లో 'ఐ డిడ్ కాల్ యూ' అంటే 'నేను ఫోన్ చేశాను కదా, నువ్వే ఎత్తలేదు' అన్నట్టు, ఎదుటివాళ్ళు కాదన్నదాన్ని ఔననడం. ఇక్కడే ఇంటర్వ్యూలకి వెళ్ళే పిల్లలకి ఒక మాట. 'ఐ డిడ్ కంప్లీట్ మై బీటెక్' అని చాలామంది అంటున్నారు, 'డిడ్' తగిలిస్తే భూతకాలం ఇంకా గట్టిగా వచ్చినట్టు ఉంటుందని. గ్రామర్ ప్రకారం తప్పు లేదు. కానీ వినేవాళ్ళకి 'పూర్తి చేశానండీ, నమ్మండి' అన్నట్టు వినిపిస్తుంది. 'ఐ కంప్లీటెడ్' అంటే చాలు. 'ఐ డిడ్ మై బీటెక్' కూడా నిక్షేపంగా అనొచ్చు, అక్కడ 'డిడ్' మోత మనిషి కాదు, అసలు క్రియ. 'ఐ డిడ్ కంప్లీటెడ్' మాత్రం వద్దు, ఎందుకో ఇప్పుడు మీకే తెలుసు.

మన 'చేయు' వల్ల వచ్చే తిప్పలు ఇంకొకటి ఉంది. తెలుగులో 'చేయు' ఒక్కటే ఇంగ్లీషులోని 'డూ'నీ 'మేక్'నీ రెండింటినీ మోస్తుంది కాబట్టి, తప్పు చేశాను అనడానికి 'ఐ డిడ్ ఎ మిస్టేక్' అనేస్తాం. ఇంగ్లీషులో దానికి 'మేడ్'. పెద్దవాళ్ళు పెళ్ళి చేశారు అనడానికి 'దే డిడ్ మై మ్యారేజ్' అంటాం, 'గాట్ మి మ్యారీడ్' అనాలి. కొత్తగా ఒకటి తయారైతే 'మేక్', ఉన్న పనిని నడిపితే 'డూ' అని చెబుతారు, సగం దాకా పనికొస్తుంది, మిగతా సగం వినివిని పట్టాల్సిందే. ఆఫీసు ఉత్తరాల్లో 'డూ ద నీడ్‌ఫుల్' రాయొచ్చా అని కూడా తరచూ అడుగుతుంటారు. అది మనం తప్పుగా పుట్టించిన మాట కాదు, బ్రిటన్‌లోనే వాడిన మాట, అక్కడ పాతబడిపోయింది, మన ఆఫీసుల్లో నిలబడింది. మన దేశంలో రాస్తే ఇబ్బంది లేదు, విదేశీ క్లయింటుకి రాసేటప్పుడు మాత్రం ఏం చేయాలో ఆ పనే విడమరిచి రాయండి.

చివరగా ఒక పని చెబుతాను. 'నిన్న నేను రాలేదు. నాకు తెలియలేదు. వాళ్ళు నాకు చెప్పలేదు.' ఈ మూడు వాక్యాలూ కాగితం మీద రాసుకుని, ఒక్కోదాంట్లో 'లేదు'కి ముందు నిలువు గీత గీయండి. గీతకి కుడివైపు ఉన్నది 'డిడ్ నాట్', ఎడమవైపు ఉన్నది ఉత్త క్రియ. మూడూ ఇంగ్లీషులో రాసి కింద పెట్టండి, చూసి చెబుతాను.